పనితనం లోపం

కుర్చీకి రంగు వేసింది ఆయనే. ఆ అమ్మాయి తప్ప ఎవరూ వెయ్యమనలేదు.

సంఘం షెడ్డులో ఒక వాడుక ఉంది. ఎక్కడా రాసిపెట్టలేదు, పదిహేడేళ్లుగా అలా నడుస్తోంది. మరమ్మతుకొచ్చి మళ్లీ తన మనిషి దగ్గరికే పోయే చక్రాల కుర్చీకి రంగు వెయ్యరు. గీతలూ సొట్టలూ చేతిపట్టీ మీద చెమట మరకా అలాగే ఉంచి, చెడ్డదొక్కటి బాగుచేసి పంపేస్తారు. ఎవరి కుర్చీ వాళ్లకి తడిమితే తెలియాలి. రంగు వేసేది, ఈ మూడేళ్లుగా, అద్దె కుర్చీలకి. అవి ఎవరివీ కావు కాబట్టి ప్రతిసారీ కొత్తగా కనబడాలి.

ఆ అమ్మాయి, అందరూ టైపమ్మ అంటారు, శుక్రవారం ఆటోలోంచి కుర్చీ దింపించి అదే ఆటోలో తిరిగి వెళ్తూ అంది: "మామయ్యా, పన్నెండేళ్ల నుంచి ఈ ఆసుపత్రి రంగు చూసి చూసి నాకే జబ్బులా ఉంది. ఏదన్నా మంచి రంగు పూయకూడదూ?"

శనివారం బేరింగులు మార్చాడు. డబ్బా అడుగున మిగిలిన ముదురు ఎరుపు కనబడింది. పూశాడు. ఎండుతుందని వరండాలో పెట్టి తాళం వేసుకుని ఇంటికి పోయాడు. ఆదివారం లారీ వచ్చింది.

సోమవారం పొద్దున వరండాలో కుర్చీ లేదు. నాలుగు చక్రాల కింద పరిచిన కాగితం మాత్రం ఉంది, నాలుగు ఎర్ర మచ్చలతో.

"నిన్న ఎక్కించేశా మేస్త్రీ," అంది స్టోరు చూసే ఆవిడ. అందరూ ఆవిణ్ణి స్టోరమ్మ అంటారు. తాళాల గుత్తి నడుముకి, పెన్సిలు జడలో. "ఎగ్జిబిషన్ వాళ్లకి నలభై చెప్పారు కదా. ముప్ఫై తొమ్మిదే తేలాయి. నా గుండె జారిపోయింది. అంతలో వరండాలో ఎర్రగా నిగనిగలాడుతూ అది కనబడింది. మా మేస్త్రీ ఎంత బంగారం, చెప్పకుండానే లెక్క సరిచేశాడు అనుకున్నా."

"అది టైపమ్మది."

"రంగేసి ఉంటేనూ," అంది స్టోరమ్మ.

అదే మరి. ఆవిణ్ణి అనడానికేముంది.

"నంబరు కొట్టావా?"

"నలభై. వెనక కడ్డీకి రేకు బిగించా."

నంబరు రేకు పడ్డాక ఆ కుర్చీ అద్దె విభాగానిది. ఆయన సుత్తి చేతిలోకి తీసుకుని, దేనికి తీసుకున్నాడో తెలియక, మళ్లీ పెట్టేశాడు.

సంఘం గేటు మీద బోర్డు రెండు వరసలు. పై వరస పాతది, 'నడవలేనివారికి ఉచితంగా చక్రాల కుర్చీలు'. కింది వరస కొత్తది, 'అద్దెకు కూడా ఇవ్వబడును'. మూడేళ్ల కిందట పై వరస పెద్దక్షరాలు. మొన్న బోర్డు మళ్లీ రాయించినప్పుడు కింది వరస పెద్దదయింది.

మేనేజరు మర్యాదస్తుడు. నలభై ఏళ్లుండవు. కుర్చీ చూపించి, కూర్చున్నాకే మాట్లాడతాడు.

"పొరపాటే జరిగింది పెద్దాయనా. కాదనను. కానీ ఇప్పుడేం చెయ్యమంటారు? పది రోజులకి ఒప్పుకున్నాం. బాగున్న కుర్చీని మధ్యలో వెనక్కి తెచ్చుకుంటే వాళ్లకి ఏం సమాధానం చెప్పాలి?"

"ఇంకోటి ఇచ్చి అది తెచ్చుకుందాం."

"చెడిపోతే మారుస్తాం. ఫిర్యాదొస్తే రెండు గంటల్లో మారుస్తాం, ఆ మాట కాగితం మీద ఉంది. చెడిపోకుండా మార్చే పద్ధతి లేదు."

"ఆ అమ్మాయి ఫిర్యాదు చేస్తోందిగా."

"ఆవిడ కస్టమరు కాదు కదండీ." చెడ్డగా అనలేదు. ఉన్న మాట చెబుతున్నట్టే అన్నాడు. "ఆవిడ లబ్ధిదారు. వేరే కుర్చీకి దరఖాస్తు పెట్టమనండి. ఆరు వారాల్లో నేనే చూసి ఇప్పిస్తాను."

"వేరేది ఆ అమ్మాయికి పనికిరాదు. నడుం ఎడమకి ఒరిగి ఉంటుంది. దానికి సరిగ్గా కోసి పెట్టిన మెత్త అది."

"ఎగ్జిబిషన్ అయిపోయాక మాట్లాడదాం. అయితే ఆ వెంటనే ఇంకో ఆర్డరు ఉంది." మేనేజరు కళ్లద్దాలు తీసి తుడిచాడు. "పెద్దాయనా, మీకు తెలియందేముంది. అద్దె విభాగం బతికితేనే ఉచిత విభాగం బతుకుతుంది. అది లేని రోజుల్లో ట్యూబు మీద ట్యూబు అతికించి పంపేవారట మీరే."

నిజమే. ఆ రోజుల్లో టైరు కొనడానికి నాలుగు నెలలు పట్టేది.

"ఇంకోటి కూడా చెబుతా. అద్దె కుర్చీల మరమ్మతు బయటి కంపెనీకి ఇచ్చేద్దామని కమిటీలో ప్రతి మీటింగులోనూ లేస్తోంది. మీ చేతి కుర్చీ మీద ఈ మూడేళ్లలో ఒక్క ఫిర్యాదు రాలేదని చెప్పి నేనే ఆపుతున్నా. మీ షెడ్డు నిలబడిందంటే ఆ ఒక్క మాట మీద."

ఆయన లేచి నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. అలాంటి మర్యాద కంటే నాలుగు తిట్లు నయం. తిడితే ఎదురు తిట్టొచ్చు.

మంగళవారం మధ్యాహ్నానికి విరిగిన ఇరుసుతో మూల పడి ఉన్న కుర్చీని నిలబెట్టాడు. ఇరుసు మార్చి, బ్రేకు పట్టీలు బిగించి, తోసుకుంటూ టైపమ్మ ఇంటికి వెళ్లాడు. రెండు వీధులు, ఒక వంతెన, ఒక సందు.

గదిలో రెండు మంచాలు, గోడవారన స్టవ్వు, కిటికీ కింద నీళ్ల డ్రమ్ము. ఆ అమ్మాయి మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. ముప్ఫై ఐదేళ్ల మనిషి. పడుకుంటే పదేళ్ల పిల్లంత ఉంది. కోర్టు ఎదురుగా జిరాక్సు షాపులో అర్జీలు టైపు చేస్తుంది. గంటకి ఎన్ని పేజీలు కొడుతుందో చూడ్డానికి ప్లీడరు గుమాస్తాలు నిలబడేవాళ్లట.

"రా మామయ్యా. నా కుర్చీ నన్నొదిలేసి ఎగ్జిబిషన్ చూడ్డానికి పోయిందటగా. నాకోసం ఏమన్నా కొనుక్కొస్తుందంటావా?"

"ఊరుకోవే," అంది తల్లి. "అన్నయ్యా, కూర్చో. మంచినీళ్లిస్తాను."

"వద్దు చెల్లెమ్మా. ముందు దీన్నెక్కించి చూద్దాం."

ఇద్దరూ కలిసి ఎత్తి కూర్చోబెట్టారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని పాదాల పలకలు పైకి జరిపాడు. ఎడమ తుంటి కింద దుప్పటి మడత పెట్టాడు. తీశాడు. ఇంకో మడత వేసి పెట్టాడు. ఆ అమ్మాయి పళ్లు బిగించి నవ్వుతోంది. పది నిమిషాలకి చెయ్యి పట్టీ మీంచి జారింది. పావుగంటకి మొత్తం మనిషే, తడిసిన బస్తా గోడ మీంచి జారినట్టు ఎడమకి జారిపోయింది. తల్లి పట్టుకుంది.

"చాల్లే మామయ్యా. ఇది మంచి కుర్చీయే. నేనే దీనికి కొత్త."

తన కుర్చీలో అయితే తొమ్మిది గంటలు కూర్చునేది.

ఆ మెత్త ఆయన ఎలా కోశాడో ఎవరికీ తెలియదు, అడిగినవాళ్లూ లేరు. వెడల్పు పళ్లెంలో తడి ఇసక పోసి, దాని మీద పల్చటి గుడ్డ పరిచి, ఆ అమ్మాయిని పది నిమిషాలు కూర్చోబెట్టాడు. లేపాక ఇసకలో అచ్చు మిగిలింది. ఒక పక్క లోతు, ఒక పక్క మిట్ట. దాన్ని చూసుకుంటూ రొట్టెలు కోసే కత్తితో స్పాంజి పొరలు పొరలుగా కోసి అతికించాడు. మూడు ఆదివారాలు పట్టింది. ఆ పై తొడుగు కుట్టిన ఆయన భార్య ఇప్పుడు లేదు. చేత్తో కుట్టింది, అతుకు ఒంటికి తగలకుండా లోపలికి మడిచి. అది వేరే సంగతి.

"ఇంకోటి కొయ్యకూడదా అన్నయ్యా?"

"మూడు వారాలు పడుతుంది చెల్లెమ్మా."

తల్లి కూతురి వంక చూసింది. కూతురు గోడ వంక చూసింది. చెప్పింది తల్లే. షాపాయన మనిషిని పంపించాడట. శుక్రవారం సాయంత్రం లోపల వచ్చి కూర్చుంటే సరే. లేదంటే శనివారం నుంచి ఇంకో పిల్ల వస్తుంది. మాట్లాడుకున్నారట కూడా.

"ఆయన తప్పేం లేదులే అమ్మా," అంది కూతురు. "ప్లీడర్లు నా నడుం చూసి ఆగుతారా?"

ఆయన కుర్చీని మళ్లీ తోసుకుంటూ సందు దాటాడు. ఖాళీ కుర్చీ తోసుకుంటూ పోయే మనిషిని జనం ఒకలా చూస్తారు. ఆయనకది అలవాటే.

బుధవారం సెలవు పెట్టి ఎగ్జిబిషన్‌కి వెళ్లాడు. కుర్చీ తోసుకుంటూనే వెళ్లాడు. బస్సులో ఎక్కనివ్వలేదు. గంటన్నర పట్టింది.

గేటు పక్కనే రేకుల పందిరి కింద కుర్చీల కౌంటర్. ఒకమ్మాయి మెడలో కార్డు వేసుకుని, ఫోనులో మాట్లాడుతూనే చేత్తో చీటీలు చింపి ఇస్తోంది. కుర్చీలు వరసగా ఉన్నాయి. కొన్నిట్లో మనుషులు కూర్చుని పోతున్నారు. కొన్నిట్లో బకెట్లు, దుప్పట్ల మూటలు, పిల్లల బొమ్మలు. నడవగలిగినవాళ్లే బేరాలు చేసి బరువులు మొయ్యలేక కుర్చీలు తీసుకుని సామాను నింపుకుని తోసుకుపోతున్నారు. ఆయన చూసి ఊరుకున్నాడు. చక్రాలు సులువుగా దొర్లుతున్నాయి, తన బేరింగులే.

"నలభయ్యో నంబరా?" అంది కౌంటర్ పిల్ల. "అయ్యో, దాని సంగతి అడక్కండి అంకుల్. ఎవరికిచ్చినా అయిదు నిమిషాల్లో తెచ్చి పడేస్తున్నారు. వంకరగా ఉందని, నడుం పట్టేస్తోందని. మీరు ఆ కంపెనీ మనిషేనా?"

"సంఘం మనిషిని. మెకానిక్‌ని."

"అమ్మయ్య. అయితే మంచిదే." సొరుగులోంచి పసుప్పచ్చ కాగితం తీసింది. "లోపం ఉందని రాసి సంతకం పెట్టండి. మీ మెకానిక్ సంతకం ఉంటే చాలు, ఇప్పుడే ఇది ఉంచుకుని దాన్ని పంపించేస్తా. నాకూ పీడ పోతుంది."

ఆయన కాగితం చూశాడు. ఊళ్లో అయిదో తరగతి దాకా చదివాడు. నెమ్మదిగా, పెదాలు కదుపుతూ చదివాడు. కుర్చీ నంబరు. లోపం. కారణం, మూడు గళ్లు.

"లోపం లేదమ్మా దానికి."

"వంకరండీ బాబూ!"

"కుర్చీ వంకర కాదు. మనిషి వంకర."

అన్నాక ఆ మాట ఆయనకే చేదుగా తగిలింది. కౌంటర్ పిల్ల ఆయన్ని ఎగాదిగా చూసింది, తననే అన్నాడేమోనని.

"ఒకమ్మాయి కుర్చీ అది. ఆ అమ్మాయి నడుం అలా ఉంటుంది, అందుకని అలా కోశాను. పొరపాటున ఇక్కడికొచ్చింది. ఇది పెట్టుకుని అది ఇచ్చెయ్యి తల్లీ."

"కాగితం లేకుండా నేనివ్వలేను అంకుల్. నా ఉద్యోగం పదిరోజులదే, అదీ పోతుంది. ఒక్క ముక్క రాయండి. పాడైంది అని రాస్తే ఏం పోయింది మీది?"

ఏం పోయిందో ఆ పిల్లకి చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి. షెడ్డు గోడ మీద వరసగా కొట్టిన మేకులు, ఒక్కో మేక్కి ఒక్కో కొలత తాడు, తాడుకో మనిషి. అరవై రెండు తాళ్లు. కంపెనీ వాడొస్తే ఆ మేకులు పీకేస్తాడు. కంపెనీ వాడికి కుర్చీలన్నీ ఒకటే కొలత. అరవై రెండుమందిని పక్కన పెట్టి ఒక్కదాని కోసం కాగితం రాయాలా?

ఆ లెక్కే చెప్పుకున్నాడు తనకి. అయినా అది సగమే. మిగతా సగం మరొకటి. పదిహేడేళ్లలో తన చేతి పని బాగాలేదన్న కాగితం ప్రపంచంలో ఎక్కడా లేదు. మొదటి కాగితం తన చేత్తోనే రాసివ్వాలంటే చెయ్యి లేవలేదు.

"రాయను," అన్నాడు.

"మీ ఇష్టం," అని ఆ పిల్ల పసుపు కాగితం సొరుగులో పెట్టేసుకుంది.

ఖాళీ కుర్చీ తోసుకుంటూ మళ్లీ గంటన్నర.

గురువారం పని చేస్తూనే ఉన్నాడు గానీ చేతులకి బుర్ర అందలేదు. ఒక చక్రానికి ఆకులు బిగిస్తూ మూడుసార్లు విప్పాడు. స్టోరమ్మ రెండుసార్లు వచ్చి నీళ్లు నములుతూ నిలబడి వెళ్లిపోయింది. మూడోసారి అంది: "నేను వెళ్లి మేనేజరు కాళ్లు పట్టుకోనా మేస్త్రీ?"

"పట్టుకుంటే కుర్చీ చూపించి కూర్చోమంటాడు."

సాయంత్రం టైపమ్మ ఇంటికి వెళ్లాడు. తల్లి గుమ్మంలోనే ఎదురొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. ఆరు రోజులు పడుకోబెట్టేసరికి తుంటి ఎముక దగ్గర తోలు కందింది. పొద్దున్నుంచి నీరు కారుతోంది. నర్సు వచ్చి చూసి, ఇంకా లోతుకి దిగితే ఆసుపత్రేనంది.

"ఏంటి మీరిద్దరూ గుసగుసలు?" లోపల్నుంచి గొంతు. "నాకు పెళ్లి కుదురుస్తున్నారా? వరుడికి కుర్చీ ఉందో లేదో ముందే అడగండి."

ఆయన లోపలికి వెళ్లలేదు. మెట్టు మీద కాసేపు కూర్చున్నాడు. లోపల తల్లి కూతుర్ని ఇటు నుంచి అటు తిప్పుతోంది. తిప్పుతున్నప్పుడు ఆ అమ్మాయి నోటి వెంట ఒక్క మాట రాలేదు. అంత వాగుడుకాయ నోరు. అదే ఆయన వినలేకపోయాడు. లేచి వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ ఎగ్జిబిషన్. అదే ఖాళీ కుర్చీ, అదే గంటన్నర.

"నలభై ఇప్పుడు లేదంకుల్," అంది కౌంటర్ పిల్ల. "నిన్నట్నుంచి ఒక తాతగారు తీసుకుంటున్నారు. అందరూ ఛీ అన్నదాన్ని ఆయనొక్కడే మెచ్చుకున్నాడు. ఇవాళ పొద్దున్నే వచ్చి అదే కావాలని కూర్చున్నాడు. అదిగో, గాజుల కొట్టు దగ్గర."

తాతగారు బాగా బతికిన మనిషిలా ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో చచ్చుబడి ఉంది. ఎడమ పక్కంతా పక్షవాతం లాగేసింది. వెనక నిలబడ్డ ముసలావిడ కొంగుతో ఆయన పెదవి చివర తుడిచి, గాజులు చూస్తోంది. మేస్త్రీ రెండడుగుల దూరంలో ఆగాడు. ఎక్కడ ఎంత ఒరిగాడో, ఎక్కడ ఆనాడో చూశాడు. ముసలాయన ఎడమ తుంటి, ఆ అమ్మాయి కోసం తవ్విన లోతులోకి దిగి కూర్చుంది. కొలిచి కోసినట్టుంది. ఇన్నేళ్లలో తన పని మరో ఒంటికి అతకడం ఆయన చూడలేదు. చూడాల్సిన రోజు ఇదా.

"అయ్యా, ఈ కుర్చీ మార్చాలండీ. వేరేది తెచ్చాను."

"ఎందుకు?" మాట కొంచెం ముద్దగా వచ్చింది, అధికారం మాత్రం తగ్గలేదు.

"పాడైందండీ."

"ఏం పాడైంది? రెండేళ్లయింది నేను నొప్పి లేకుండా కూర్చుని. రెండు కంపెనీల కుర్చీలు కొన్నాను. అవి పాడు. ఇది కాదు. ఏమే, నిన్న రాత్రి నిద్ర పట్టింది అన్నానా లేదా?"

"అన్నారు," అంది ముసలావిడ. "ఉంచండి బాబూ. ఈయనకి ఇదే బావుంది."

"మెత్త వంకరగా కోశారండీ," అన్నాడు మేస్త్రీ.

"ఎవరు?"

"ఎవడో. పని తెలియనివాడు."

ముసలాయన కుడిచేత్తో మెత్త అంచు తడిమాడు. వేళ్లు అతుకు దగ్గర ఆగాయి. "పని తెలియనివాడా? నేను ముప్ఫై ఏళ్లు రైలింజన్లు బాగు చేయించిన వాణ్ణయ్యా. పని తెలిసినవాడి చెయ్యేదో నాకు తెలీదా? ఇది కోసినవాణ్ణి నువ్వు అనకూడదు."

మేస్త్రీ వంగి, మనిషిని చంకల కింద చేతులేసి ఎత్తే భంగిమలో నిలబడ్డాడు. అలా నిలబడ్డ మనిషితో ఎవరూ ఎక్కువసేపు వాదించలేరు. ముసలాయన తిడుతూనే లేచాడు. రెండో కుర్చీలో కూర్చోబెట్టి, తన భుజం మీది తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఎడమ తుంటి కిందికి తోశాడు. ఇంకో మడత విప్పి సర్దాడు.

"ఇలా అయితే?"

"దానికీ దీనికీ పోలికేంటి," అని మొహం తిప్పుకున్నాడు ముసలాయన. తువ్వాలు తియ్యమని మాత్రం అనలేదు.

కౌంటర్ దగ్గర పసుపు కాగితం మళ్లీ బయటికొచ్చింది. కుర్చీ నంబరు, నలభై. లోపం, మెత్త వంకర. కూర్చోవడానికి పనికిరాదు. అక్షరాలు పెద్దవి, గీత దాటి పోయాయి.

"కారణం టిక్కు పెట్టండి అంకుల్. మూడింట్లో ఏదో ఒకటి."

మొదటి గడి, రవాణాలో దెబ్బ. దాంట్లో టిక్కు పెడితే లారీ డ్రైవరు జీతంలో కోస్తారు. వాడికి ఇద్దరు పిల్లలు. రెండో గడి, వాడకంలో దెబ్బ. అది పెడితే ఆఖరున వాడిన ముసలాయన కట్టుకోవాలి. ఆ మనిషి ఇందాకే తనని వెనకేసుకొచ్చాడు. మూడో గడి, పనితనం లోపం.

మూడోదాంట్లో పెట్టాడు. సంతకం చేశాడు. సంతకం బాగా కుదిరింది, అదే విచిత్రం.

ఎర్ర కుర్చీ తోసుకుంటూ నేరుగా ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాడు. పుండు మీద ఒత్తిడి పడకుండా మెత్తలో అక్కడికక్కడే కత్తితో చిన్న గుంట చేశాడు. తల్లీ ఆయనా కలిసి ఎక్కించారు. చేతిపట్టీల మీద చేతులు పెట్టగానే మనిషి లేచి నిలబడినంత పొడుగయింది.

"రంగు బావుంది మామయ్యా. కాస్త ఎక్కువ ఊరేగినట్టుంది, అంతే."

అయిదున్నరకి షాపు ముందు దింపాడు. షాపాయన మెట్ల మీద నిలబడి, కుర్చీని చూసి, గడియారం చూసి, "రేపు తొమ్మిదింటికి రా," అని లోపలికి పోయాడు. అంతకంటే ప్రేమ ఆయన దగ్గర లేదు.

శనివారం పదకొండు గంటలకి మేనేజరు పిలిచాడు. కుర్చీ చూపించాడు. పసుపు కాగితం బల్ల మీద ఉంది, దాని మీద గాజు బరువు.

"నాకు చాలా బాధగా ఉంది పెద్దాయనా. మూడేళ్లు ఆపాను. ఇక నేనేం చెప్పను కమిటీకి? మీ సంతకమే ఉంది."

"నిజమే రాశానండీ."

"నంబరు నలభై ఎవరిదో నాకు గుర్తుంది." మేనేజరు ఆయన కళ్లలోకి చూశాడు, ఎక్కువసేపు చూడలేదు. "ఏదో జరిగిందని నాకూ తెలుసు. నాకు కావాల్సింది కాగితం. సాయంత్రంలోగా మీరు సంజాయిషీ రాసివ్వండి. జరిగింది జరిగినట్టు రాస్తే మీ షెడ్డు నిలబెట్టడానికి ప్రయత్నిస్తాను. కుర్చీ మళ్లీ లెక్కలోకి వస్తుంది, అంతే. లోపం నిజమే అని రాస్తే నంబరు కొట్టేసి తుక్కులో రాసేస్తాం. మరమ్మతులు ఒకటో తారీఖు నుంచి కంపెనీకి పోతాయి. ఆలోచించుకోండి."

బయట స్టోరమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది. "ఏం రాస్తావు మేస్త్రీ?" అంది. ఆయన షెడ్డులోకి వెళ్లి, మేకులకి వేలాడే తాళ్లన్నీ ఒక్కొక్కటే తీసి, దుమ్ము దులిపి, చుట్టలు చుట్టి సంచిలో వేసుకున్నాడు. ఆవిడకి అర్థమైంది. వెళ్లి రెండోవైపు నుంచి తనూ తియ్యడం మొదలుపెట్టింది.

జిరాక్సు షాపులో ముగ్గురు వరసలో ఉన్నారు. ఆయన నాలుగోవాడుగా నిలబడ్డాడు. ఆ అమ్మాయి వేళ్లు కీబోర్డు మీద వాన పడ్డట్టు ఆడుతున్నాయి. వంతు వచ్చాక తలెత్తింది.

"మామయ్యా! నీకేం అర్జీ? ఎవరి మీద కేసు?"

"సంజాయిషీ. సంఘానికి. నా రాత వాళ్లకి ఆనదు. నువ్వు కొట్టు."

"చెప్పు."

"మేనేజరు గారికి. నేను మరమ్మతు చేసిన కుర్చీలో లోపం ఉన్నమాట నిజం."

వేళ్లు ఆడాయి. "ఊఁ."

"మెత్త కొయ్యడంలో నా పనితనం లోపం. ఆ కుర్చీ కూర్చోవడానికి పనికిరాదు."

వేళ్లు ఆగాయి. "ఏ కుర్చీ మామయ్యా?"

"ఏదో అద్దెది."

"నంబరు రాయాలిగా. నంబరు లేకపోతే సంజాయిషీ చెల్లదు. రోజుకి పది కొడతాను, నాకు తెలుసు."

ఆయన వరస వంక చూశాడు. వెనక ఇద్దరు ప్లీడరు గుమాస్తాలు. "నలభై," అన్నాడు.

ఆ అమ్మాయి కుడిచెయ్యి వెనక్కి పోయింది. వెనక కడ్డీ మీద రేకుని, చూడకుండానే, వేళ్లతో చదివింది.

"ఇది నేను కొట్టను."

"కొట్టమ్మా."

"అబద్ధం ఇది. నిజం కొడతాను. జరిగింది జరిగినట్టు, ఒక్క పేజీలో. నాకంటే బాగా ఎవరు కొడతారు?"

"నిజం రాస్తే అది బాగున్న కుర్చీ అవుతుంది," అన్నాడు నెమ్మదిగా. "బాగున్న కుర్చీ అద్దెకి పోతుంది. పాడైన కుర్చీనే నీ దగ్గర ఉండనిస్తారు."

"నీ షెడ్డు?"

ఆయన చేతిలో సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "తాళ్లు నా దగ్గరున్నాయి. ఇంట్లో మూల ఖాళీయే. ఎవరికన్నా పని పడితే వస్తారు. రాకపోతే మానేస్తారు."

"మామయ్యా..."

"టైమవుతోంది. అయిదింటికి గుమాస్తా తాళం వేసుకుపోతాడు."

లోపల్నుంచి షాపాయన అరిచాడు: "ఏంటక్కడ, కబుర్లా? తరవాత ఎవరు?"

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకుంటే అందరికీ తెలుస్తుంది. కుర్చీలో రెండు చేతులూ ఆనించి కాస్త పైకి లేచి, సర్దుకుని, నిటారుగా కూర్చుంది. 'నంబరు నలభై గల కుర్చీ కూర్చోవడానికి ఎంతమాత్రమూ పనికిరాదు' అని కొట్టింది. 'ఎంతమాత్రమూ' ఆయన చెప్పలేదు. మళ్లీ ఎవరూ వచ్చి అడక్కుండా ఉండాలని తనే వేసింది.

కాగితం యంత్రంలోంచి వెచ్చగా వచ్చింది. ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించింది.